అమ్మమ్మ పుస్తకం అచ్చు వేసిన ప్రెస్సు

పెద్దకర్మ నాడు స్టీలు డబ్బాల మీద పేరు చెక్కించి పంచడం మా వైపు రివాజు. అమ్మమ్మ సంవత్సరీకానికి మాత్రం డబ్బాలొద్దు, పుస్తకం వేయిద్దామని మావయ్యలు పట్టుబట్టారు. విజయవాడలో ఉండేది నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ప్రెస్సు ఏలూరు రోడ్డు వెనక ఒక సందులో ఉంది. పేరు రాయడం లేదు. "పెళ్ళికార్డుల సీజన్, కొత్త గిరాకీ తట్టుకోలేనమ్మా" అని ఓనరు గారే వద్దన్నారు. కావలసినవాళ్ళు అడిగితే విడిగా చెప్తాను.

డెమ్మీ 1/8 సైజు, 64 పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు నాలుగు. ఫోటోల కోసం మధ్యలో 8 పేజీల ఆర్ట్ పేపర్. 150 కాపీలకి, కుట్టు బైండింగ్‌తో కలిపి, కాపీ 140 రూపాయలు పడింది. అంతకుముందు అడిగిన చోట 500కి తక్కువైతే ముట్టుకోం అన్నారు. ఈయన మాత్రం, ఇన్ని కొద్ది కాపీలకి ప్లేట్లు చేసి ఆఫ్‌సెట్‌లో వేస్తే గిట్టదు, డిజిటల్‌లో వేయించుకోండి అని ముందే చెప్పేశారు. మొదట సెంటర్ పిన్ను అన్నారు. సముద్రం దగ్గరి ఊళ్ళకి వెళ్ళే పుస్తకం, పిన్ను తుప్పు పట్టి పేజీ మధ్యలో మరక వేస్తుందని నేనే కుట్టు అడిగాను.

అమ్మమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లూ పెట్టెలూ గొడ్డూ గోదా అన్నీ పోయాయి. అంతకుముందు ఫోటో అంటూ మిగిలింది ఒక్కటే, తెనాలిలో చిన్నమ్మమ్మ ఇంట్లో గోడకున్న గ్రూపు ఫోటో. చెమ్మకి అది కాస్తా అద్దానికి అతుక్కుపోయింది. నేను విప్పబోతుంటే ఓనరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "పీకితే మొహాలు అద్దానికే ఉండిపోతాయమ్మా." అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి 600 డీపీఐలో తీశారు. మీరూ పాత ఫోటోలు ఇస్తుంటే ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకండి, సగం నాణ్యత అక్కడే పోతుంది. ఫోటో తీసుకుని షాపుకే వెళ్ళండి.

ఆ స్కాన్‌ని డీటీపీ కుర్రాడు ఏదో ఏఐ యాప్‌లో వేసి రంగులద్ది చూపించాడు. అమ్మమ్మ గడ్డం మీద పచ్చబొట్టు చుక్క మాయం. ముక్కు బేసరి సగం బుగ్గలో కలిసిపోయింది. చామనఛాయ మనిషి దొరసానిలా తెల్లబడింది. "భలే ఉన్నారు కదా మేడమ్" అన్నాడు. భలేగానే ఉంది, ఎవరో మరి. ఓనరు గారు వచ్చి చూసి, "అది మచ్చ కాదురా, మా అమ్మకీ ఉండేది" అని కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మొదటి స్కాన్ నుంచి మళ్ళీ చేయించారు. మరకలూ మడతలూ తుడిచి, బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంచేశారు. దానికి వేరే డబ్బులు అడగలేదు.

ఈ ప్రెస్సుకి ఎక్కువ మార్కులు వేసేది ఇంకో సంగతికి. ఆధార్ చూసి పెద్ద మావయ్య మొదటి పేజీలో జననం 1-1-1938 అని రాశాడు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటే పుట్టినరోజు. లోపలెక్కడో పెద్దమ్మ 1949లో పుట్టిందని ఉంది. ప్రూఫు ఇచ్చేటప్పుడు ఓనరు గారు కళ్ళజోడు పైకి నెట్టి, "పదకొండేళ్ళకే పురుడా అమ్మా?" అన్నారు. అమ్మమ్మ ఎప్పుడూ "ప్రమోదూతలో పుట్టాను" అనేది. ఆయన సొరుగులోంచి పంచాంగం తీసి వెనక్కి లెక్కేశారు. ప్రమోదూత అంటే 1930 ఉగాది నుంచి 31 ఉగాది దాకా. తొంభై నాలుగేళ్ళు బతికిన మనిషిని ఎనభై ఆరుకి దింపబోయాడు మావయ్య. ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చు కొట్టేవాళ్ళే ఎక్కడ చూసినా, ఈయన చదువుతారు.

తంటా అంతా అక్షరాలతో. వాట్సాప్‌లో అందరూ టైపు చేసి పంపింది యూనికోడ్. వీళ్ళు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని చేస్తారు. మార్చేటప్పుడు పొల్లులు ఎగిరిపోయి "బస్‌లో" కాస్తా "బస్లో" అయి కూర్చుంది. రెండు ప్రూఫులు ఉచితం, మూడోదానికి డబ్బులు కట్టాలి. ఆ పొల్లుల పుణ్యమా అని మూడోది తప్పలేదు. ఇది నాకు నచ్చలేదు, వాళ్ళ కంప్యూటర్ చేసిన తప్పుకి మనమెందుకు కట్టాలి?

ఇంకో లోపం కాగితం. 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క, తగ్గేకొద్దీ పల్చన) మ్యాప్‌లితో అనే మామూలు పుస్తకాల కాగితం మీద రేషన్ కార్డు, ఎరువుల బిల్లుల బొమ్మలు వేస్తే అవతలి పేజీకి కనిపిస్తున్నాయి. ఉప్పెన తర్వాత అమ్మమ్మ చీటీ ముక్క కూడా పారెయ్యలేదు, యూరియా బస్తా లోపలి కవర్లో చుట్టి అటక మీద దాచేది. కాబట్టి అలాంటి పేజీలు మాకు చాలానే ఉన్నాయి. ఆర్ట్ పేపర్ మీద ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి, ముఖ్యంగా 2016 పుష్కరాలకి హంసలదీవిలో తడిచీరతో నవ్వుతున్నది.

అందరూ ముందు తిప్పేది గేదెల పేజీ. ఉప్పెన గురించి అడిగితే అమ్మమ్మ నీళ్ళ సంగతి ఎత్తేది కాదు, పోయిన గేదెల పేర్లు చెప్పేది. గౌరి, నల్లది, చుక్కలది, ఏది ఏ పూట ఎన్ని పాలిచ్చేదో సహా. అన్న ఫోన్‌లో రికార్డు చేసింది ఉన్నదున్నట్టు వేయించాం. చిన్న మావయ్య "ఇదెందుకే" అన్నాడు కానీ తీయనివ్వలేదు నేను.

కాపీలు సంవత్సరీకం ముందురోజు రాత్రి గానీ చేతికి రాలేదు. ఆ టెన్షన్ మీకొద్దు అనుకుంటే మీకు కావలసిన తేదీకి వారం ముందు తేదీ చెప్పండి.

కాపీలు అయిపోయాయి, ఇంకో 50 కావాలి. ఈసారి 80 జీఎస్ఎం అడుగుతాను. చిన్నమ్మమ్మ అక్షరాలు ఆనడం లేదంటోంది. 16 పాయింట్‌కి పెంచితే ఇంకో ఫారం పెరుగుతుందట. రేటు మాట్లాడాలి.