మౌస్‌కి నాలుగు స్టార్లు, దాని సాఫ్ట్‌వేర్‌కి ఒకటి

ద్వారకానగర్‌లో మావాడికి కొన్న వైర్‌లెస్ గేమింగ్ మౌస్ గురించి రాస్తున్నాను. ధర 2,800 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ జబ్బు ఆ ఒక్క కంపెనీది కాదు, ఈ ధరలో దొరికే చాలా మౌస్‌లకీ, హెడ్‌సెట్లకీ, లైట్ల కీబోర్డులకీ ఉన్నదే.

ముందు వస్తువు సంగతి. బరువు తక్కువ, చేతిలో బాగా ఇముడుతుంది. పక్కల రబ్బరు పట్టీ లేదు, గరుకు ప్లాస్టిక్ మాత్రమే. ఇది వైజాగ్‌లో ఉండేవాళ్ళకి చిన్న విషయం కాదు. మా ఊరి ఉక్కపోతకీ, చేతి చెమటకీ రబ్బరు పట్టీలు ఒక వేసవి దాటేసరికి జిగురుజిగురుగా అయిపోతాయి, ఆ తర్వాత ఊడొస్తాయి. ఛార్జింగ్ టైప్-సీ. డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క) పోకుండా మౌస్ అడుగున పెట్టుకోవడానికి చోటు ఇచ్చారు. సెకనుకి 1000 సార్లు కంప్యూటర్‌కి తన కదలిక చెబుతుంది, మావాడి ఆటలకి అంతకన్నా అక్కర్లేదు. బటన్ల చప్పుడు మాత్రం ఎక్కువ. రాత్రి పక్క గదిలో పడుకున్నవాళ్ళకి వినబడుతుంది.

ఇక అసలు గొడవ. ఈ మౌస్‌తో పాటు ఒక సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు. డీపీఐ (చెయ్యి కొంచెం కదిపితే తెర మీద బాణం ఎంత కదలాలో చెప్పే లెక్క) మార్చుకోవాలన్నా, పక్క బటన్లకి పనులు అప్పజెప్పాలన్నా, ఆ ఇంద్రధనుస్సు లైటు ఆర్పాలన్నా అదే దిక్కు. దాని వల్ల కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ విండోస్ స్క్రీన్ అంతా మసకబార్చి, "ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా" అని అడుగుతుంది. ఒకసారి ఒప్పుకుంటే గుర్తుపెట్టుకుంటుందా? లేదు. రేపు మళ్ళీ అడుగుతుంది. మధ్యలో అప్‌డేట్ వస్తే ఇంకోసారి.

సొంత కంప్యూటర్‌లో ఒక్కడే వాడుకునేవాడికి ఇది "యెస్" మీద ఒక నొక్కు. మా ఇంట్లో అలా కాదు. కూర్మన్నపాలెంలో మాకున్నది ఒకటే డెస్క్‌టాప్. అందులో నా అకౌంట్ అడ్మినిస్ట్రేటర్, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చే హక్కు ఉన్నది. బ్యాంకు, పీఎఫ్, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలన్నీ అందులోనే. ఇంటర్ చదివే మావాడికీ, ఎనిమిదో తరగతి మా అమ్మాయికీ స్టాండర్డ్ అకౌంట్లు ఇచ్చాను. స్టాండర్డ్ అకౌంట్‌లో ఆ అనుమతి అడిగే పెట్టె తెర మీదకి వచ్చినప్పుడు "యెస్" నొక్కితే సరిపోదు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టాలి. నేను స్టీల్‌ప్లాంట్‌లో బీ షిఫ్ట్‌లో ఉంటాను, వాడు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, నా ఫోన్ మోగుతుంది. "నాన్నా, మళ్ళీ అడుగుతోంది." మా ఆవిడకి పాస్‌వర్డ్ చెప్పి ఉంచుదామనుకున్నాను. "నాకు చెప్పకండి, చెబితే వాడు గంటలో నా దగ్గర్నుంచి లాగేస్తాడు" అంది. నిజమే.

పాల ప్యాకెట్ వేసే కుర్రాడు రోజూ బీరువా తాళం అడిగినట్టుంది ఇది.

ఈ అనుమతి పెట్టెని తిట్టుకునేవాళ్ళు చాలామంది. నేను దాన్ని తప్పుపట్టను. 2007లో విస్టా అనే విండోస్‌తో పాటు ఇది జనం ఇళ్ళలోకి వచ్చినప్పుడు మరీ విసిగించేది, 2009లో విండోస్ 7 వచ్చేసరికి ఎంత అడగాలో మనమే సర్దుకునే స్లైడర్ పెట్టారు. అది చేసే పని మంచిదే. ఏదైనా ప్రోగ్రాం సిస్టం ఫోల్డర్లలో చెయ్యి పెట్టబోతే మనిషిని అడుగుతుంది. స్క్రీన్ మసకబారడం కూడా ఊరికే కాదు. ఆ సమయంలో మామూలు ప్రోగ్రాములేవీ ఆ పెట్టె దగ్గరికి రాలేవు, మన బదులు "యెస్" నొక్కలేవు. కాబట్టి గొడవ కాపలావాడిది కాదు. రోజూ గేటు దగ్గరికొచ్చి లోపలికి పోతానంటున్నవాడిది.

మరి మౌస్‌కి ఇంత అధికారం ఎందుకు? కొంత న్యాయమైన కారణం ఉంది. విస్టా కాలం నుంచీ విండోస్‌లో ఒక నియమం ఉంది: తక్కువ హోదాతో నడిచే ప్రోగ్రాం, ఎక్కువ హోదాతో నడిచే ప్రోగ్రాం కిటికీలోకి కీబోర్డు నొక్కులు పంపలేదు. ఎవరైనా ఆటని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతుంటే, మామూలు హోదాలో ఉన్న మౌస్ సాఫ్ట్‌వేర్ పంపే మాక్రోలు (ఒక్క బటన్‌తో వరసగా పడే కీ నొక్కులు) అందులోకి చేరవు. "మాక్రో పనిచేయట్లేదు" అని కస్టమర్లు ఫోన్లు చేస్తారు. ఆ తలనొప్పి లేకుండా కొన్ని కంపెనీలు తమ ప్రోగ్రాం మొత్తానికీ "నన్ను అడ్మినిస్ట్రేటర్‌గానే నడపాలి" అని లోపలే రాసిపెట్టేస్తాయి. ఆ మాట ప్రోగ్రాం ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి మనం బయట నుంచి ఎన్ని "యెస్"లు నొక్కినా అది చెరగదు. మౌస్‌లో ఫర్మ్‌వేర్ (మౌస్ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాం) ఎక్కించడానికి పెద్ద హోదా కావాలన్నా ఒప్పుకుంటాను, కానీ అది ఏడాదికి ఒకటో రెండో సార్లు. లైటు రంగు మార్చడానికి కూడా అదే హోదా అడగడం మాత్రం బద్ధకం.

దీనికి పద్ధతైన దారి ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కసారి అడిగి, వెనకాల నడిచే ఒక చిన్న సర్వీస్‌ని పెట్టుకోవాలి. పెద్ద హోదా కావాల్సిన పనులు అది చూసుకుంటుంది. మనకి కనబడే బొమ్మల కిటికీ మామూలు హోదాలో నడుస్తుంది. ఇంకెప్పుడూ ఎవరినీ అడగక్కర్లేదు. దీనికి డబ్బు కన్నా ఓపిక కావాలి, అంతే.

షాపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది దానికి కూడా రివ్యూనే. గాజువాకలో ఇదే మౌస్‌కి ఎక్కువ చెప్పారని, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో పోయి అక్కణ్ణుంచి నడిచాను. అమ్మిన కుర్రాడు మర్యాదస్తుడు, పెట్టె విప్పి చూపించాడు, బిల్లు ఇచ్చాడు. ఈ సమస్య చెబుదామని తర్వాత వెళ్తే మాత్రం, "ఏటవదు సార్, సెట్టింగ్స్‌లో ఆ స్లైడర్ కిందకి లాగేయండి, ఇంక అడగదు" అన్నాడు. అలా లాగేస్తే నా అకౌంట్‌లో పెద్ద హోదా కావాలన్న ప్రతి ప్రోగ్రాంకీ నన్ను అడక్కుండానే అది దొరుకుతుంది. ఎవరో పంపిన ఈమెయిల్ అటాచ్‌మెంట్‌కి కూడా. ఒక మౌస్ కోసం బ్యాంకు కాగితాలున్న అకౌంట్‌ని అలా వదిలేయమని చెప్పడం నాకు నచ్చలేదు. షాపుకి ఒక స్టార్ అక్కడే తగ్గింది.

యూట్యూబ్‌లో అందరూ చెప్పే చిట్కా ఇంకొకటుంది. విండోస్‌లో పనులు వాటంతట అవే నడిచేలా పెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని తయారుచేసి, లాగిన్ అవగానే ఈ ప్రోగ్రాం నడిచేలా పెట్టి, "రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్" అన్న గడిలో టిక్కు పెట్టడం. మీ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ అయితే ఇది చక్కగా పనిచేస్తుంది, పెట్టె రాదు. కానీ స్టాండర్డ్ అకౌంట్‌కి ఆ టిక్కు వల్ల ఒరిగేదేమీ లేదు. "హయ్యెస్ట్" అంటే ఆ మనిషికి ఉన్నంతలో హయ్యెస్ట్. మావాడికి ఉన్నదే మామూలు హోదా. పోనీ ఆ పనిని నా అకౌంట్ పేరుతో నడిపిద్దామంటే, నేను లాగిన్ అయి లేనప్పుడు అది తెర వెనకే నడుస్తుంది, వాడి స్క్రీన్ మీద ఏమీ కనబడదు. పిల్లలకి వేరే అకౌంట్లు ఇచ్చిన ఇళ్ళ గురించి ఆ వీడియోల్లో ఎవరూ మాట్లాడరు.

పాస్‌వర్డ్ కొట్టి నడిపించినా ఇంకో తిరకాసు. అలా నడిచినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ మావాడి పేరుతో కాదు, నా పేరుతో నడుస్తుంది. వాడు పెట్టుకున్న సెట్టింగులన్నీ నా ఫోల్డర్లలోకి వెళ్ళి కూర్చున్నాయి. పైగా అందులో ఆటని జోడించడానికి "బ్రౌజ్" నొక్కితే తెరుచుకునే కిటికీ కూడా నా హోదాతోనే తెరుచుకుంటుంది, నా ఫైళ్ళన్నీ చూపిస్తుంది. ఇది ఊహించి భయపడటం కాదు. 2021 ఆగస్టులో రేజర్ మౌస్‌ల విషయంలో సరిగ్గా ఇలాంటి కిటికీయే పెద్ద వార్త అయింది. మౌస్ గుచ్చితే విండోస్ తనంతట తానే రేజర్ ఇన్‌స్టాలర్‌ని సిస్టం హోదాతో, అంటే అడ్మినిస్ట్రేటర్ కన్నా పెద్ద హోదాతో నడిపేది. ఫోల్డర్ ఎంచుకోమనే కిటికీలో షిఫ్ట్ కీ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పవర్‌షెల్ (కంప్యూటర్‌కి ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) కూడా అదే హోదాతో తెరుచుకునేది. అంటే మౌస్ ఒక్కటి చేతిలో ఉంటే కంప్యూటర్ మొత్తం చేతిలోకి వచ్చినట్టే. విషయం బయటపడ్డాక సరిచేస్తామని కంపెనీ చెప్పింది. అందుకే "మౌసే కదా, ఓకే కొట్టేయ్" అనే మాట నా దగ్గర చెల్లదు.

చివరికి మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు ఇది. ఈ మౌస్‌లో ఆన్‌బోర్డ్ మెమరీ ఉంది, అంటే సెట్టింగులు మౌస్‌లోనే దాచుకునే చోటు, అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో రాశారు. ఒక వీక్లీ ఆఫ్ నాడు నా అకౌంట్‌లో కూర్చుని, వాణ్ణి పక్కన పెట్టుకుని, వాడికి కావాల్సిన డీపీఐ, పక్క బటన్లు, లైటు ఆఫ్ అన్నీ సెట్ చేసి మౌస్‌లోనే సేవ్ చేశాను. తర్వాత సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా తీసేశాను. తీసేయడం ఇష్టం లేనివాళ్ళు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితాకి వెళ్ళి దాన్ని డిసేబుల్ చేసినా చాలు. మౌస్ అనేది సాఫ్ట్‌వేర్ లేకపోయినా నడిచే వస్తువు, దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. అనుమతి పెట్టె రావడం ఆగింది, షిఫ్ట్‌లో ఫోన్లు కూడా ఆగాయి.

పోయింది కూడా ఉంది. ఆటని బట్టి సెట్టింగులు వాటంతట అవే మారడం ఇప్పుడు లేదు. పొడుగాటి మాక్రోలు ఈ మౌస్ మెమరీలో పట్టవు, సాఫ్ట్‌వేర్ నడుస్తుంటేనే పనిచేస్తాయి. పాటకి తగ్గట్టు లైట్లు వెలగడం కూడా పోయింది, అందుకు మావాడు తప్ప ఎవరూ బాధపడలేదు.

మా అమ్మాయి కీబోర్డు విషయంలో ఈ గొడవే లేదు. అది క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఉన్నది. వయా అనే వెబ్ పేజీని క్రోమ్‌లో తెరిస్తే చాలు, కీలు మార్చుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు. బ్రౌజర్ కూడా ఆ ఒక్క కీబోర్డుకే అనుమతి అడుగుతుంది, కంప్యూటర్ మొత్తానికి కాదు. మార్పులు కీబోర్డులోనే ఉండిపోతాయి. స్టాండర్డ్ అకౌంట్ నుంచే అన్నీ తనే చేసుకుంది, నన్ను పిలవలేదు.

మౌస్ కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. మీ అబ్బాయి అకౌంట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చుకోండి అని జవాబిచ్చారు. ఇంకోసారి రాశాను, ఈసారి జవాబు లేదు.

ఒక్కరే వాడే కంప్యూటర్ అయితే ఈ ధరకి మంచి మౌసే, తీసుకోండి. పిల్లలకి వేరే అకౌంట్లు ఉన్న ఇల్లయితే అట్టపెట్టె మీద ఆన్‌బోర్డ్ మెమరీ అని ఉందో లేదో చూసి, అందులో ఎన్ని ప్రొఫైళ్ళు (సెట్టింగుల జట్లు) పడతాయో అడిగి మరీ కొనండి. ఆ మాట తెలియని షాపువాళ్ళే ఎక్కువ, కాబట్టి కౌంటర్ దగ్గరే ఫోన్‌లో మాన్యువల్ తెరిచి చూసుకోవడం మేలు.