మేక వెంట్రుకల బ్రష్: ఇద్దరు పిల్లలకు వాడాక చెప్తున్నా

మాది నల్గొండ. పాపకు ఐదేళ్లు, బాబుకు పది నెలలు. చెక్క పిడి, మేక వెంట్రుకల కుచ్చు ఉన్న ఒకే బ్రష్ ఇద్దరికీ వాడాను. ఏడాది లోపు పిల్లలకు దీన్ని మించింది నాకు దొరకలేదు, ఏడాది దాటి జుట్టు ఒత్తుగా వచ్చాక మాత్రం ఇది పనికిరాదు.

పాప పుట్టినప్పుడు ఎవరో ఇచ్చిన గిఫ్ట్ సెట్‌లో ప్లాస్టిక్ బ్రష్ వచ్చింది, పళ్ల చివర చిన్న గుండ్లు ఉంటాయి కదా, అట్లాంటిది. ఒకరోజు చూస్తే రెండు పళ్లకు గుండ్లు లేవు. ఒకటి పాప మెడ మడతలో దొరికింది, రెండోది దొరకనే లేదు, మింగిందేమోనని రాత్రంతా టెన్షన్. పాపకు ఏమీ కాలేదు. గుండు ఊడిన పన్నుతో నా మణికట్టు మీద గీస్తే తెల్లటి గీత పడింది. అప్పటి నుంచి ఏ బ్రష్ కొన్నా ముందు మణికట్టు లోపలివైపు రుద్ది చూస్తా.

బాబుకు రెండో నెలలో మాడు మీద పసుపురంగు పొట్టు చెక్కులు కట్టింది. మాడు ఇంకా పూడలేదని భయపడి నేను అక్కడ చెయ్యే పెట్టలేదు, పొట్టంతా అక్కడే పేరుకుంది. మెత్తటి కుచ్చుతో మెల్లగా దువ్వితే మాడుకు ఏమీ కాదని పిల్లల డాక్టర్ చెప్పారు. అత్తమ్మ కొబ్బరినూనె రాత్రంతా ఉంచుదామంది గానీ, స్నానానికి పావుగంట ముందు రాస్తే చాలన్నారు. తర్వాత బ్రష్‌ను గుండ్రంగా తిప్పి, నూనె మిగలకుండా షాంపూతో కడగాలి, గోటితో మాత్రం గీకొద్దు. నానిన పొట్టు మైనం పలుకుల్లా కుచ్చు చివరలకు అంటుకుని వచ్చేది. మూడు వారాల్లో తల శుభ్రమైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి పది రోజులు వెంట్రుకలు రాలాయి, తడిస్తే మేక వాసన వస్తుంది. కడిగాక కుచ్చు కిందికి ఉండేలా ఆరబెట్టాలి, లేకపోతే నీళ్లు చెక్కలోకి దిగుతాయి. మా ఉప్పు బోరునీళ్లకు పిడి మీద తెల్లటి మరకలు కూడా పడ్డాయి.

పాపకు చెరువుగట్టు గుడిలో పుట్టువెంట్రుకలు తీయించాక రింగుల జుట్టు వచ్చింది (గుండు వల్ల కాదు, వాళ్ల నాన్న జుట్టే అంత). ఆ రింగుల మీద ఈ బ్రష్ పైపైనే జారిపోతుంది, లోపలి చిక్కు అట్లనే ఉంటుంది. క్లాక్ టవర్ దగ్గర 30 రూపాయలకు కొన్న వెడల్పు పళ్ల దువ్వెనే ఇప్పుడు మాకు దిక్కు. జుట్టు కాస్త తడి చేసి, కుదుళ్లు లాగకుండా పైన పిడికిట్లో పట్టుకుని, కొసల నుంచి పైకి చిక్కు తీస్తా. స్కూల్లో పేలు ఎక్కుతాయి కాబట్టి పాప దువ్వెన బాబు దగ్గరికి రానివ్వను.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, మేక వెంట్రుకలని రాసున్నా కొన్నింటిలో నైలాన్ ఉంటుంది. రాలిన పోగు ఒకటి అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుకైతే జుట్టు కాలిన వాసన వచ్చి పొడిగా నలుగుతుంది, నైలాన్ అయితే కరిగి గట్టి ముద్ద అవుతుంది.