మెగలడాన్ పన్ను అని చెప్పి పుట్టీ అంటగట్టాడు, గుంటూరు విజయవాడ వాళ్లు చూసుకోండి

మొన్న ఆదివారం తెనాలి మిత్రుడొకాయన ఫోటో పంపి, "మాస్టారూ, ఇది తీసుకోమంటారా? 18,000 చెబుతున్నాడు" అని అడిగారు. చూడగానే ఒళ్లు మండింది. ఆ ఫోటోలో ఉన్న మెగలడాన్ పన్ను, అంటే ఎప్పుడో అంతరించిన రాకాసి సొరచేప పన్ను, మా బీరువాలో ఉంది. మూడు నెలల కిందట నాకొచ్చిన ఫోటోనే అది, కింద పరిచిన ఎర్ర తువ్వాలుతో సహా. సైన్సు మాస్టారు మోసపోయాడంటే నవ్వుతారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇక చెప్పక తప్పదు.

విజయవాడలో ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో పరిచయమయ్యాడు ఆ మనిషి. పాత నాణేలు, రంగురాళ్లు అమ్ముతాడు. తర్వాత వాట్సాప్‌లో ఈ పన్ను పెట్టాడు. ఐదుంపావు అంగుళాలు, ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు, బందరు జాలర్ల వలలో పడిందట. బేరమాడి 14,000 ఫోన్‌పే చేశాను. మా ఆవిడ మాత్రం ఒకటే అంది: "గవర్నమెంటుకి కట్టే పన్ను చాలదని ఇదొక పన్నా?"

అసలు బందరు కథ దగ్గరే నేను ఆగాల్సింది. ఆ తీరమంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు, దాని వయసు వేల ఏళ్లలో ఉంటుంది. మెగలడాన్ అంతరించి 36 లక్షల ఏళ్లయింది. బజార్లో తిరిగే పెద్ద పళ్లు ఎక్కువగా అమెరికాలోని కరోలినా నదుల నుంచి, అక్కడి సముద్రం అడుగు నుంచి, ఇంకా ఇండోనేషియా జావా నుంచి, పెరూ, చిలీల నుంచి వస్తాయి. మన దేశంలో సొరచేప శిలాజాలు లేవని కాదు. ఒడిశా బారిపద దగ్గర, కచ్‌లో, తమిళనాడు అరియలూరులో దొరికాయి. బందరు వలల్లో మాత్రం కాదు. దానికి తోడు కవర్లో ఒక సర్టిఫికెట్, రంగు జిరాక్స్. "డైనోసార్ల కాలం, 6.5 కోట్ల ఏళ్లు" అని అచ్చేశాడు. మెగలడాన్ పుట్టిందే సుమారు 2.3 కోట్ల ఏళ్ల కిందట. ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా పట్టేసే తప్పు, నేను చదివి ఫైల్లో పెట్టుకున్నాను!

బయటపడింది మా వీధి చివర బంగారప్పని చేసే ఆచారి గారి కొట్లో. చూపించి గొప్పలు పోదామని తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూసి, "కింద రాయే మాస్టారూ, పైన మాత్రం తేడాగా ఉంది" అన్నారు. గ్లాసులో నీళ్లు పోసి డిజిటల్ కాటా మీద పెట్టి సున్నా చేశారు. పన్నుకి దారం కట్టి అడుగు తగలకుండా నీళ్లలో ముంచారు. కాటా 84 గ్రాములు చూపించింది, పన్ను పక్కకి నెట్టిన నీటి బరువన్నమాట. విడిగా తూస్తే 182. అంటే నీటికి 2.17 రెట్లు. శిలాజ దంతంలో ఉండే అపటైట్ ఖనిజం నీటికి మూడు రెట్లు దాటి తూగుతుంది. చిన్న చిన్న రంధ్రాల వల్ల కొంత తగ్గుతుందనుకున్నా, మరీ ఇంత తగ్గదు. కుర్రాణ్ణి పంపి నెయిల్ పాలిష్ రిమూవర్ తెప్పించి, దూదితో పైనున్న పంటి వేరుని, అంటే చిగురులో ఉండే భాగాన్ని, తుడిచారు. దూది బ్రౌన్ రంగైంది. సూది కాల్చి పెడితే అక్కడ ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది, కింది మొనకి పెడితే ఏమీ కాలేదు.

అసలు సంగతి ఇదీ. విరిగిన నిజం పన్ను ముక్క ఒకటి తీసుకుని, లేని వేరుని ఎపాక్సీ పుట్టీతో, అంటే ఆరితే గట్టిపడే జిగురు ముద్దతో, కట్టి రంగు పూశారు. మొత్తం నకిలీ అయితే తేలిగ్గా దొరికిపోయేది. రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో అచ్చుపోసినవి చేతికి తేలిగ్గా, వెచ్చగా తగులుతాయి, భూతద్దంలో గాలి బుడగలు, అచ్చు అతుకు గీత కనిపిస్తాయి. ఇలా సగం నిజం పెడితే చేతికి చల్లగానే తగులుతుంది, బరువూ ఉన్నట్టే ఉంటుంది. ఆ చల్లదనమే నన్ను ముంచింది.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది వేరుకీ పన్నుకీ మధ్య ఉండే నల్లటి పట్టీని. నిజం దాంట్లో అది లోపలి వైపు వంపుగా, వేరే నునుపుతో ఉంటుంది. నాదాంట్లో అతుకు దాచడానికి బ్రష్‌తో గీశారు, ఎండలో పెడితే కుంచె గీతలు కనిపిస్తున్నాయి. అంచున ఉండే రంపపు పళ్లు కూడా చూడండి. చేప వాడి పారేసిన పన్ను కాబట్టి అక్కడక్కడా అరిగి, విరిగి ఉండాలి. నాదానికి హాక్సా బ్లేడులా ఒకే కొలతలో ఉన్నాయి, యంత్రంతో మళ్లీ కోశారన్నమాట.

మొరాకో సరుకు గురించి కూడా ఒక మాట. అక్కడ ఖురిబ్గా ఫాస్ఫేట్ గనుల్లో పాతకాలపు సొరచేపల పళ్లు విపరీతంగా దొరుకుతాయి. సొరచేప జీవితమంతా పళ్లు రాలుస్తూనే ఉంటుంది మరి. అందుకే చిన్న పన్నుకి నకిలీ చెయ్యాల్సిన అవసరం తక్కువ. కానీ రాతిముద్దలో నాలుగైదు పళ్లు వరసగా అందంగా ఇరుక్కుని ఉంటే మాత్రం ఆ ముద్ద ఇసుకా జిగురూ కలిపి చేసిందేమో అనుమానించండి. పళ్లు నిజమే కావచ్చు, రాయి కాదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "అది రిస్టోరేషన్ సార్, ఫారిన్‌లో అందరూ చేస్తారు" అన్నాడు. చేస్తారు, నిజమే. చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్ముతారు. "మచ్చ కూడా లేదు" అని రాసిన చాట్ నా దగ్గరుందనగానే నెంబరు బ్లాక్ చేశాడు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. మీరైతే చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్, కవరు మీది అడ్రసు పారేయకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తియ్యలేదు.

తెనాలి మిత్రుడు కొనడం మానేశారు. ఎర్ర తువ్వాలు మీద పన్ను ఫోటో మీకెవరికైనా వస్తే డబ్బు పంపకముందే నాకు చెప్పండి. వేరు భాగాన్ని ఎండలో, దగ్గరగా, రెండు వైపులా ఫోటో తీసి పంపమని వాణ్ణి అడగండి. నేను అడిగినప్పుడు "లైటింగ్ బాలేదు సార్, రేపు పంపుతా" అన్నాడు.