నిద్ర బ్యాండ్‌తో రెండున్నరేళ్లు: ఆ రాత్రి నేను నిద్రపోలేదు

మణికట్టుకు కట్టుకునే ఈ బ్యాండ్ కొని రెండున్నరేళ్లయింది. అడుగులు, మెసేజ్‌లు, బ్యాటరీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి నేను వెళ్లను. దీన్ని కొన్నదే నిద్ర లెక్క కోసం. ఆ లెక్కే ఒక రాత్రి నా మనసు ఎంత కష్టపెట్టిందో ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

నాది విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల ఉద్యోగం. ఇల్లు కూర్మన్నపాలెంలో. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి పొద్దున్న ఎనిమిదికి పడుకుంటే పదకొండున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. కిటికీలోంచి ఎండ, కింద కూరగాయల బండి మైకు. అయినా రోజుకు ఏడు గంటలు పడుకుంటున్నాననే నమ్మేవాణ్ణి, ఇంట్లో వాదించేవాణ్ణి కూడా. బ్యాండ్ కట్టిన మొదటి నెలలోనే తేలింది: సగటు ఐదుంబావు. పెద్దవాళ్లకు రోజూ 7 గంటలకు తగ్గకుండా నిద్ర ఉండాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2015లోనే చెప్పింది. అది చదివాక భయమేసింది. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ వేయించాను. సి షిఫ్టులో తెల్లవారుజామున తాగే టీ మానేశాను. మూడు నెలల్లో సగటు ఆరు దాటింది. ఆ సంతోషంలో క్యాంటీన్లో అందరికీ చెప్పాను, నా మాట మీద ఇద్దరు కొన్నారు.

కిందటి డిసెంబరులో అమ్మకు ఆయాసం ఎక్కువైంది. గాజువాక దగ్గర ఒక ఆసుపత్రిలో చేర్పించాం. మొదటి రాత్రి నేనే ఉన్నాను. పడుకుంటే ఊపిరి అందడం లేదని మంచం తల వైపు ఎత్తి కూర్చోబెట్టారు. నెబ్యులైజర్ పెట్టాక పదకొండున్నర ప్రాంతంలో కాస్త కునుకు పట్టింది. నిద్రలోకి జారుతూ నా ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బ్యాండ్ ఉన్నది ఆ చేతికే. చెయ్యి లాక్కుంటే లేచిపోతుందని అలాగే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. భుజం పట్టేసింది, కదపలేదు. ఆవిడ ఛాతీ పైకీ కిందకీ ఆడటం చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రాత్రి రెండుకు నర్సు వచ్చింది, నాలుగుకు మళ్లీ వచ్చింది, ఇద్దరం తలలతోనే మాట్లాడుకున్నాం. ఒక్క నిమిషం కూడా కన్ను మూయలేదు.

తెల్లారి అమ్మ కళ్లు తెరిచి, “ఏటి నాన్నా, రాత్రంతా అలాగే కూకున్నావేటి?” అంది. అప్పుడే యాప్ తెరిచాను. 5 గంటల 50 నిమిషాల నిద్ర. అందులో డీప్ స్లీప్, అంటే గాఢ నిద్ర, గంటా పది నిమిషాలు. స్కోరు 81. ‘బాగా నిద్రపోయారు’ అని ఉంది.

నాకు ఏడుపు వచ్చింది. బాధలో ఉన్నప్పుడు చిన్న మాటైనా గుచ్చుకుంటుంది కదా.

తర్వాత కారణం తెలుసుకున్నాను. దీనికి తెలిసేది రెండే: చెయ్యి కదులుతోందా, చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి చూస్తే నాడి ఎలా కొట్టుకుంటోంది. కదలిక లేక, నాడి నెమ్మదిగా ఉంటే నిద్ర అని అంచనా కడుతుంది. నిద్ర దశలు సరిగ్గా తేలాలంటే మెదడు తరంగాలు చూడాలి. అందుకే స్లీప్ ల్యాబ్‌లో తలకు, కళ్ల పక్కన, గడ్డం మీద ఎలక్ట్రోడ్లు అంటించి రాత్రంతా పరీక్షిస్తారు. మణికట్టు మీది పట్టీకి అది ఎలా సాధ్యం?

అప్పటి నుంచి పాత అంకెల మీద కూడా అనుమానం మొదలైంది. ఆరు గంటలు దాటిందని మురిసిపోయానే, అందులో నల్ల కర్టెన్ వెనక కళ్లు తెరిచి కదలకుండా పడుకున్న సమయం ఎంతో? ఒక మధ్యాహ్నం కావాలనే గంటసేపు మెలకువగా, కదలకుండా పడుకుని చూశాను. నలభై నిమిషాలు లైట్ స్లీప్ అని రాసింది.

నా మాట మీద కొన్న ఇద్దరిలో ఒకాయనకు రోజూ 80 పైనే వచ్చేది. మనిషి మాత్రం కంపెనీ బస్సులో కూర్చోగానే నిద్రపోయేవాడు. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని వాళ్లావిడ పట్టుబట్టి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. పరీక్షలో స్లీప్ ఆప్నియా అని తేలింది. ఇప్పుడు రాత్రిపూట సీప్యాప్ మెషీన్ (మాస్కుతో గాలి పంపి ఊపిరి ఆగకుండా చూసేది) పెట్టుకుంటున్నాడు. నేను చేసిన పొగడ్త వల్ల ఆయన ఎన్ని నెలలు ఆలస్యం చేశాడో అని నాకు ఇంకా బెంగగానే ఉంది.

అలాగని పారేయలేదు. ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు లేచాను అన్నది చాలావరకు సరిగ్గానే చెబుతుంది. మే నెల ఉక్కపోతలో కరెంటు పోయి లేచిన రాత్రుల్ని టైముతో సహా పట్టుకుంది. పగటి నిద్రను మొదటి ఏడాది గంటల్లో లెక్కపెట్టినా స్కోరులో కలిపేది కాదు, అప్‌డేట్ తర్వాత కలుపుతోంది. స్కోరు, డీప్ స్లీప్ పేజీలు నేను తెరవడం మానేశాను. స్కోరు తగ్గిందన్న టెన్షన్‌తోనే నిద్ర పట్టని రోజులు చూశాను మరి. రోజూ ఒకే టైముకి పడుకుని లేచే జనరల్ షిఫ్టు వాళ్లకు ఇంతకంటే బాగా పనికొస్తుందేమో. నా ఉద్యోగానికి, నా ఇంటి పరిస్థితికి మాత్రం గంటల లెక్క వరకే.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఆయాసం వచ్చిన రాత్రుల్లో ఆవిడ పక్కన కూర్చునే ముందు బ్యాండ్ విప్పి ఫ్రిజ్ మీద పెట్టేస్తున్నాను.