ఎనిమిదేళ్ల వాడకం తర్వాత ఆర్కిడ్ ఐడీ గురించి

ఆర్కిడ్ అంటే ఇక్కడ పువ్వు కాదు. పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే 16 స్థానాల గుర్తింపు సంఖ్య. 2012 అక్టోబరులో మొదలైంది. చివరి స్థానంలో కొందరికి అంకె బదులు ఎక్స్ వస్తుంది. నాది అలాంటిదే. అంకెలు తప్ప ఇంకేమీ తీసుకోని ఫారాలతో చాలా కుస్తీ పట్టాను.

నా పేరు మూడు పేపర్లలో మూడు రకాలుగా అచ్చయింది. పైగా అవే పొడి అక్షరాలతో వేరే రంగంలో ఇంకొకరు రాస్తున్నారు. ఆయన పేపర్లు నా ఖాతాలో, నావి ఆయన ఖాతాలో చేరేవి. ఈ గొడవ పడలేకే ఐడీ తీసుకున్నాను.

మొదటి రెండేళ్లూ దాన్ని బయోడేటా లాగే వాడాను. పేపర్ల వివరాలు చేత్తో ఎక్కించడం, మర్చిపోవడం. అసలు ఉపయోగం వేరే చోట ఉంది. పేపర్ పంపేటప్పుడే జర్నల్ ఫారంలో ఆర్కిడ్‌తో లాగిన్ అయితే, ఆ సంఖ్య, పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు కోడ్ అయిన డీఓఐ వివరాలతో పాటు, డీఓఐలను నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కు వెళ్తుంది. మనం ఒకసారి అనుమతి ఇస్తే తర్వాతి పేపర్లు వాటంతట అవే మన పేజీలో చేరతాయి. ఆ అనుమతి అడిగే మెయిల్ నాకు వచ్చినప్పుడు స్పామ్ అనుకుని తీసేశాను! ఒక జర్నల్ అయితే ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత ఐడీ ఒక్కటే తీసుకుంది. మూడో రచయితనైన నేను డీఓఐ కొట్టి పేపర్‌ని సొంతంగా చేర్చుకోవాల్సి వచ్చింది.

ఆఫీసు మెయిల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. ఉద్యోగం మారితే లాగిన్‌కి తిప్పలే. సొంత మెయిల్ కూడా చేర్చండి.

అయితే దీనితో రాని పని ఒకటుంది. రాసింది ఎవరో ఇది చెబుతుంది కానీ, విషయం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు మన పేపర్‌ని చూపించదు. పీడీఎఫ్ కూడా ఇందులో ఉండదు. నా మొదటి పేపర్‌కు చమత్కారంగా ఒక శీర్షిక పెట్టాను. అందులో విషయం పేరే లేదు, ఎవరికి దొరుకుతుంది? తర్వాతి వాటిలో విషయం, పద్ధతి రెండూ శీర్షికలోనే పెట్టి, పేపర్ సారాంశమైన అబ్‌స్ట్రాక్ట్ మొదటి రెండు వాక్యాల్లో మళ్లీ చెప్పాను. జర్నల్ ఒప్పుకున్నంత మేరకు ఆమోదించిన ప్రతిని రిపాజిటరీలో, అంటే పేపర్లను అందరికీ అందేలా దాచే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచాను. మొదట పెట్టింది స్కాన్ కాపీ, అంటే ఉత్త బొమ్మ. పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌కు వెతకడానికి వీలైన అక్షరాలు కావాలి, మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో శీర్షిక, దాని కింద రచయితల పేర్లు ఉండాలి, ఫైలు 5 ఎంబీ దాటకూడదు. అలా మార్చి పెట్టాకే అది కనిపించింది.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. పాత పేపర్లలో ఒకదానికి డీఓఐ లేదు. దాన్ని చేత్తోనే ఎక్కించాను, లింకు ఉండాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీయే.