పరిగె ఏరే సీను కోసం రూతు: నాలుగుసార్లు ఆడించాక

ఏటా అక్టోబరు వచ్చేసరికి చుట్టుపక్కల చర్చి సంఘాల నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "టీచరుగారూ, ఈసారి మా వాళ్లతో ఏ నాటకం వేయించమంటారు?" బైబిల్లోని రూతు కథ వేయించండి అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత "అందులో ఏముందండీ, అత్తాకోడళ్లేగా" అంటారు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నదాన్నే.

పాలకొల్లు దగ్గర పల్లె మాది. సండేస్కూలు పిల్లలు, యవనస్థులు, స్త్రీల సమాజం, అందరినీ కలిపి 14 ఏళ్లుగా నాటకాలు ఆడిస్తున్నాను. అందులో రూతు నాలుగుసార్లు. తప్పిపోయిన కుమారుణ్ణి తప్ప ఇంకే కథనూ రెండోసారి ముట్టుకోలేదు. యోనాకి చేప చెయ్యాలి. వెదురు బద్దలతో మేం చేసిన చేప గుడి తలుపులో పట్టక బయటే ఉండిపోయింది. దానియేలుకి సింహాలు కావాలి. దుప్పట్లు కప్పుకుని పాకుతున్న పిల్లల్ని చూసి జనం నవ్వితే, వాళ్లతో పాటు దానియేలూ నవ్వేశాడు. ఎస్తేరు అంటే రాజుగారి నగరు, అద్దె డ్రెస్సులు, పైగా హామాను చేయించిన ఉరికొయ్య ఎత్తు 50 మూరలు. మాకున్న స్టేజీ గుడి ముందు వరండా.

రూతుకి కావలసినవి ఒక గంప, రెండు కొడవళ్లు, నాలుగు మోపుల గడ్డి, గుప్పెడు పేలాలు. మొదటిసారి ఈ కథ తీసుకున్నది ఖర్చు చూసుకునే, వేరే గొప్ప కారణమేమీ లేదు. సార్వా కోతలయ్యాక మా గుడిలో కోత పండుగ చేస్తాం. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోడిపుంజులు తెచ్చి దేవుడికి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక వేలం పాట. ఆ రాత్రికి ఏదైనా నాటకం ఉంటే బాగుంటుందని మా పాస్టరు అయ్యగారు అన్నారు. కోతలు, కళ్లం ఉన్న కథ కదా అని రూతు అనుకున్నాం, అంతే.

కథ మీకు తెలిసిందే, పొడుగ్గా చెప్పను: మోయాబు పిల్ల రూతు, భర్త పోయాక అత్త నయోమి వెంట బేత్లెహేము వచ్చి, బోయజు అనే ఆసామి చేలో పరిగె ఏరుకుని, చివరికి ఆయన్నే పెళ్లి చేసుకుంటుంది. 4 అధ్యాయాలు, 85 వచనాలు. సగానికి పైగా మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలే. అందుకే "బైబిలే స్క్రిప్టు, వేరే రాసుకోనక్కర్లేదు" అని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి, కిందకి వస్తాను.

నన్ను ఈ నాటకానికి కట్టేసింది ఒక్కటే సీను. రెండో అధ్యాయంలో పరిగె.

మన బైబిల్లో ఉన్నది అచ్చంగా ఆ మాటే. ఎవరి కటాక్షం దొరికితే వాళ్ల వెనక "పరిగె" ఏరుకుంటానని రూతు అత్తగారిని సెలవడుగుతుంది. ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేని వాళ్లు అప్పట్లో మా గుడిలో సగానికి సగం ఉండేవాళ్లు. పనలెత్తాక చేలో రాలిన కంకులు ఏరుకుని పిల్లల్ని సాకినవాళ్లు. చేలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దు, అది పరదేశికీ తండ్రి లేనివాళ్లకీ విధవరాలికీ అని ద్వితీయోపదేశకాండం 24లో ఉందని అయ్యగారు ప్రసంగంలో చెబితే బుద్ధిగా తలూపేవాళ్లు. కానీ వాళ్లకి గుర్తున్నది వేరు. గట్టు మీద నుంచి ఆసామి వేసే కేకలు.

నయోమి ఎవరు వేస్తారన్నదే మొదటి తలనొప్పి. ఆడపిల్లల తల్లులెవరూ ఒప్పుకోలేదు. "పెళ్లి కావలసిన పిల్ల టీచరుగారూ, విధవ వేషం వద్దు" అని ఒకామె మొహమాటపడుతూనే చెప్పేసింది. రూతు కూడా విధవరాలేగా, దానికి మీ పిల్లని పంపారుగా అంటే "ఆమెకి మళ్లీ పెళ్లవుద్ది కదండీ" అంది. చివరికి స్త్రీల సమాజంలో ఒక మామ్మ ముందుకొచ్చింది. అరవై దాటాయి, చదువు రాదు, భర్త పోయి చాలా ఏళ్లయింది. "నాకు కొత్తగా వచ్చే అపశకునం ఏముంది, నేనేస్తాలే" అంది.

రిహార్సల్స్‌లో మా రూతు, పదో తరగతి పిల్ల, నడుం కాస్త వంచి మల్లెపూలు కోసినట్టు రెండు వేళ్లతో ఒక్కో కంకీ ఏరుతోంది. మామ్మ గోడకానుకుని చూసి చూసి, "ఓసి పిచ్చిదానా, అలా ఏరితే పొద్దుగూకినా సోలెడు రావు" అంటూ లేచింది. కొంగు నడుముకి చుట్టి ఒడి కట్టుకుంది. కుడిచేత్తో ఏరుతూ ఎడంచేతిలో పోగేస్తూ, గుప్పెడు కాగానే గడ్డిపరకతో చుట్టి ఒడిలో వేసుకుంది. వంచిన నడుం ఎత్తకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి తిరిగొచ్చింది. అప్పుడు పిల్లతో, "మధ్యమధ్యలో తల మాత్రం ఎత్తాలే. ఆసామి చూస్తన్నాడేమోనని" అంది.

ఆ చూపు నేను రాసుకున్న దాంట్లో లేదు. బైబిల్లో ఉంది. ఆమెని ముట్టుకోవద్దు, గద్దించవద్దు, ఆమె కోసం పిడికెళ్లు కావాలనే పడేయండి అని బోయజు తన పనివాళ్లకి చెబుతాడు. అంత ప్రత్యేకంగా చెప్పాడంటే, చెప్పకపోతే గద్దించడం, మీద చెయ్యి వేయడం మామూలన్నమాట. అన్నేళ్లు సండేస్కూల్లో ఈ పాఠం చెప్పిన నాకు ఆ సంగతి తట్టలేదు.

ఇక పేలాలు. భోజనాల వేళ బోయజు పేలాలిస్తే రూతు కడుపు నిండా తిని కొన్ని మిగులుస్తుంది. ఇంటికొచ్చాక ఆ మిగిలినవి అత్తకిస్తుంది. 14వ వచనంలో ఒక ముక్క, 18వ వచనంలో ఒక ముక్క. ఇదొక సీను అవుతుందని నేను అనుకోలేదు. పేలాలిచ్చి, డైలాగు చెప్పి లోపలికి వెళ్లిపోండి అని చెప్పాను.

నాటకం రోజు, సరిగ్గా రూతు ఇంటికొచ్చే చోట కరెంటు పోయింది. జనరేటరు కుర్రాడు భోజనానికి వెళ్లాడు. మాకున్నది ఒకటే స్టాండు మైకు, అదీ మూగబోయింది. జనంలోంచి కొందరు సెల్‌ఫోన్ లైట్లు వేశారు. నేను పక్క నుంచి "ఆపండి, ఆపండి" అని చేతులూపుతున్నాను. మా రూతు నా వైపు చూడనే లేదు. కొంగు ముడి విప్పి పేలాలు మామ్మ దోసిట్లో పోసింది. మామ్మ డైలాగు చెప్పాలి. చెప్పలేదు. ఒక్కో గింజా తీసి నోట్లో వేసుకుని తినడం మొదలుపెట్టింది. వేషం కోసం తినడం కాదు, నిజంగానే తింటోంది, నమిలి, మింగి, మళ్లీ ఒకటి. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. కాసేపటికి ఆ నవ్వులూ ఆగిపోయాయి. అప్పుడు తలెత్తి, "ఎవరి చేలో ఏరావే అమ్మా?" అంది. నేను నేర్పించింది "నేడు నీవెక్కడ ఏరుకొంటివి" అని. మైకు లేకపోయినా ఆ మాట వెనక చాపల దాకా వినపడింది. రూతు నోరు తెరిచేలోపే ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో గట్టిగా, "బోయజుగారి చేలో!" అని అరిచారు.

కరెంటు వచ్చేసరికి సీను అయిపోయింది. జనరేటరు కుర్రాణ్ణి తిట్టాలనుకున్న సంగతే మర్చిపోయాను.

ఇప్పుడు సవరణలు. బైబిలే స్క్రిప్టు అన్న మాట రెండోసారికే వెనక్కి తీసుకున్నాను. గ్రాంథికం పిల్లలకి నోరు తిరగదు, తిరిగినా పాఠం అప్పజెప్పినట్టుంటుంది. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" ఒక్కటీ అలాగే ఉంచాలి, దాన్ని మారిస్తే జనం ఊరుకోరు, వాళ్లూ కలిపి చెబుతారు. (పెళ్లిళ్లలో ఎంతమంది నోట విన్నామో ఆ వచనం. అది కోడలు అత్తతో అన్నదని మా వాళ్లలో కొందరికి నాటకం చూశాకే తెలిసింది.) మిగతావన్నీ ఊరి మాటల్లోకి దించుకోవడమే మంచిది. కొన్న స్క్రిప్టులు కూడా చూశాను. ఒక పుస్తకంలో రూతు మూడు పేజీలు ఆగకుండా ప్రసంగిస్తుంది, చివర్లో వ్యాఖ్యాత వచ్చి ఆ ప్రసంగానికి అర్థం చెబుతాడు. పేరు వద్దులెండి, 200 రూపాయలు పోయాయి.

పాత్రలు తక్కువ, సుఖం అని కూడా అనేదాన్ని. నిజానికి మగపిల్లలకి ఇది చిక్కే. నయోమి భర్త ఎలీమెలెకు, కొడుకులు మహ్లోను, కిల్యోను ముగ్గురూ మొదటి 5 వచనాల్లోనే పోతారు. "చచ్చిపోయే వేషం వద్దాంటీ" అంటారు. వాళ్లని పట్టి ఉంచేది నాలుగో అధ్యాయం. ఊరి గవిని, అంటే ఊరి ద్వారం దగ్గర బోయజు పెట్టిన పంచాయితీ, 10 మంది పెద్దలు, మధ్యలో ఎలీమెలెకు వాళ్ల దగ్గరి బంధువు, పేరు లేనివాడు. నయోమి పొలం అనగానే కొంటానంటాడు, పొలంతో పాటు రూతు బాధ్యత కూడా అనగానే నా వల్ల కాదంటూ చెప్పు తీసి ఇచ్చేస్తాడు. పొలం తగాదాల్లో పెద్దమనుషుల చుట్టూ తిరిగిన వాళ్లు కదా, మా జనం దానికి పడీపడీ నవ్వుతారు. ఒకసారి ఆ వేషం వేసిన కుర్రాడు షూ వేసుకొచ్చాడు. లేసు ముడి పడి రెండు నిమిషాలు స్టేజీ మీద అందరం ఎదురుచూశాం.

అసలు కష్టం మూడో అధ్యాయంతో. రాత్రి, కళ్లం, బోయజు కాళ్ల దగ్గర రూతు పడుకోవడం. మొదటిసారి సంఘ పెద్దలు వద్దంటే తీసేశాం. తీసేస్తే, బోయజు ఉన్నట్టుండి పంచాయితీ ఎందుకు పెట్టాడో ఎవరికీ అంతుపట్టలేదు. "మధ్యలో కొంచెం పోయింది కదా టీచర్" అని ఒక బుడతడు నన్నే అడిగాడు. రెండోసారి ధైర్యం చేసి పెట్టాం. రూతు వేస్తున్న అమ్మాయి వాళ్ల నాన్న రిహార్సల్ మధ్యలో వచ్చి పిల్లని తీసుకుపోయారు. ఆయన్ని తప్పు పట్టను, నా పిల్లయితే నేనూ ఆలోచించేదాన్ని. అప్పటికప్పుడు వేరే అమ్మాయిని పెట్టి ఎలాగో గట్టెక్కాం. మూడోసారికి దారి దొరికింది. కళ్లం చూపించలేదు. కోడల్ని పంపించిన నయోమి ఒక్కతే దీపం పక్కన కూర్చుంటుంది. కుక్క అరిస్తే గుమ్మం దాకా వస్తుంది, మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. తెల్లారగట్ల రూతు 6 కొలల యవలు మూట కట్టుకుని వస్తుంది, జరిగింది రెండు ముక్కల్లో చెబుతుంది. పెద్దలెవరూ ఏమీ అనలేదు. కథ కూడా తెగలేదు. ఈ మార్పు మాత్రం ఎవరు వేసినా వాడుకోవచ్చు.

యవలంటే గుర్తొచ్చింది. మాకు యవలెక్కడివి, వరి కంకులే వాడతాం. ఒక పెద్దాయన "బైబిల్లో యవలని ఉంది కదమ్మా" అని పట్టుకున్నారు. రూతు ఏరింది తూమెడు యవలని రాశారు కదండీ, ఆ తూము మనం ధాన్యం కొలిచే తూమేగా అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

నాలుగోసారి నిరుడు. మా వైపు ఇప్పుడు కోత మిషన్లే ఎక్కువ, చేలోకి దిగి ఏరుకునే వాళ్లెవరూ కనపడరు. రూతు వేసిన ఇంటర్ అమ్మాయి రైతుకూలీల ఇంటి పిల్లే, "పరిగె అంటే ఏంటాంటీ?" అంది. మామ్మ ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో వరండా మెట్లెక్కలేదు. కింద కుర్చీ వేసి కూర్చోబెడితే చేతులతోనే చూపించింది. పిల్ల బాగానే నేర్చుకుంది. తలెత్తి చూడటం మాత్రం కుదరలేదు. ఎవరిని చూసి భయపడాలో ఆ పిల్లకి తెలియదు. ఒక రకంగా సంతోషించాల్సిన విషయమే అది, కానీ సీను పలచబడింది.

ఆ తర్వాత అదే నాటకం హైదరాబాదులో బంధువుల సంఘానికి తీసుకెళ్లాం. ఏసీ హాలు, కాలర్ మైకులు, లైటింగు. పరిగె ఏరుతుంటే జనం ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మొహం చిన్నబోయింది. అక్కడ తగిలింది మొదటి అధ్యాయం. కరువొచ్చి బేత్లెహేము వదిలి పోయి, మోయాబులో పదేళ్లుండి, మనుషుల్ని పోగొట్టుకుని ఒట్టి చేతులతో తిరిగొచ్చిన ఇల్లు. నాటకమయ్యాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కువైట్‌లో తాను గడిపిన ఏళ్ల గురించి అరగంట చెప్పింది. పరిగె గురించి ఒక్క ముక్క అనలేదు.

అందుకని రూతు అందరూ వెయ్యండి అని ఇప్పుడు గట్టిగా అనలేను. పొలం పని చేసిన పెద్దవాళ్లు మీ సంఘంలో ఇద్దరున్నా, వాళ్లని స్టేజీ ఎక్కించే ఓపిక మీకున్నా, దీని తర్వాతే నాకు ఏదైనా. అచ్చంగా చిన్నపిల్లలతో, క్రిస్మస్ రాత్రి 20 నిమిషాల్లో ముగించాలంటే గొల్లలూ జ్ఞానులే నయం. ముప్పై మందికి వేషం దొరుకుతుంది, అమ్మానాన్నలు ఫొటోలు తీసుకుంటారు, ఎవరూ అలగరు. పట్నం సంఘమైతే మొదటి అధ్యాయాన్ని పెంచి, పరిగెని కుదించుకోండి. నాకు అది చేతకాదు, ఆ సీను కోసమే నేను ఈ నాటకం ఆడిస్తాను కాబట్టి.

ఒకటి మాత్రం మర్చిపోకండి. పేలాలు ముందురోజు వేయించి ఉంచొద్దు. రెండోసారి మేం అదే చేశాం. మంచుకి మెత్తబడిపోయి, మామ్మ ఎంత నమిలినా చప్పుడు రాలేదు.