ఇటుక పని నేర్చుకుందామని కొన్న తాపీ సెట్టు, రెండు నెలలు వాడాక

మాది రాజమండ్రి. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలకి పెరట్లో ఇటుకలతో మడి కట్టాలని, అదీ నా చేత్తోనే కట్టాలని ఎప్పటినుంచో కోరిక. తాపీ (మాలు తీసి పరిచే పిడి ఉన్న రేకు), రసమట్టం (బుడగతో అడ్డం సమంగా ఉందో లేదో చెప్పేది), తూకం గుండు (గోడ నిలువు చూసేది), మూలమట్టం (మూల సరిగ్గా వచ్చిందో చూసేది), నూలు తాడు అన్నీ కలిపి అమ్ముతుంటే ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలకి తెప్పించాను.

తాపీ చాలా బాగుంది. పిడిలోకి దిగిన కాడ గట్టిగా ఉంది, పిడి మడమతో ఇటుకని ఎన్నిసార్లు తట్టి కూర్చోబెట్టినా వదులవ్వలేదు. గుండు, మూలమట్టం పర్వాలేదు. తాడు మాత్రం తడిస్తే సాగిపోతోంది, నైలాన్ది విడిగా కొన్నాను.

అసలు బాధ రసమట్టంతోనే. ఎనిమిది అడుగుల పొడవున మూడు వరసలు లేపాను, ప్రతి వరస మీదా మట్టం పెట్టి బుడగ మధ్యలోకి వచ్చాకే ముందుకెళ్లాను, అయినా దూరం నుంచి చూస్తే గోడ ఒక పక్కకి దిగినట్టే కనిపిస్తోంది. ఆదివారం మా వీధి మేస్త్రి గారిని పిలిచి, రోజు కూలి ఇస్తాను, పక్కనుండి నేర్పండి, కట్టేది నేనే అన్నాను. ఆయన మట్టాన్ని గోడ మీద పెట్టి, అదే చోట కుడి కొస ఎడమకి తిప్పి మళ్లీ పెట్టారు. మట్టం సరైనదైతే తిప్పినా బుడగ అక్కడే ఉండాలి, నాది గీత దాటి పోయింది. "మట్టమే తప్పు చెప్తంది బాబూ" అని, నీళ్లు నింపిన సన్న గొట్టాన్ని గోడ రెండు కొసలా పట్టి, అందులో నీటి మట్టంతో పోల్చి చూపించారు. అర అంగుళం వాలు! మూడు వరసలూ విప్పాను, ఏడుపొచ్చింది.

రెండు ఆదివారాల్లో ఆయన దగ్గర నేర్చుకున్నది మాత్రం నేను చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ దొరకలేదు. ఇటుకల్ని తొట్టిలో బుడగలు ఆగేదాకా నానబెట్టించారు, ఎండు ఇటుకైతే మాలులో (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దలో) నీళ్లు పీల్చేస్తుంది, పట్టు రాదు. నాలుగున్నర అంగుళాల మందం గోడ కాబట్టి సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, తొమ్మిదంగుళాలకైతే ఒకటికి ఆరు చాలన్నారు. పొడిగా ఒకే రంగు వచ్చేదాకా కలిపి ఆ తర్వాతే నీళ్లు, అదీ అరగంటలో వాడేసేంతే. ముందు రెండు మూలలూ లేపి, వాటి మధ్య తాడు లాగి, ఇటుకని తాడుకి తగలకుండా వెంట్రుక సందుతో పెట్టాలట. నేను తాడుని నెట్టేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేవారు. కింది వరస నిలువు అతుకు మీద పై వరస అతుకు రాకూడదు, ఇటుక మీద ఉండే అచ్చు గుంట పైకే ఉండాలి. మడి కదా, కింది వరసలో నీళ్లు పోవడానికి రెండు సందులు మాలు లేకుండా వదిలించారు. వారం రోజులు పొద్దునా సాయంత్రం తడిపాను, ఇప్పుడు గోడ రాయిలా ఉంది.

ఇటుక పని మొదలుపెట్టేవాళ్లు మేస్త్రికి రెండు రోజుల కూలి ఇచ్చి మరీ నేర్చుకోండి, సెట్టు కన్నా అదే ముందు. తాపీ, గుండు ఎక్కడ కొన్నా ఫర్వాలేదు గానీ రసమట్టం మాత్రం హార్డ్‌వేర్ షాపులో, గచ్చు మీద తిప్పి చూశాకే డబ్బులివ్వండి. ఆన్‌లైన్‌లో కొన్నారా, పార్సిల్ విప్పిన రోజే చూసుకోండి. నేను మార్చమని అడిగేసరికి గడువు దాటిపోయిందన్నారు.